మా వీధిని మా పిల్లలే చూపించాలి: పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రిగారికి,

చార్మినార్ చుట్టూ ఉన్న వీధుల్లో సందర్శకులను ఎవరు నడిపించాలి, ఆ నడక వల్ల వచ్చే రాబడి, మర్యాద, బాగు ఎవరికి చేరాలి అన్న విషయం మీద ఈ ఉత్తరం రాస్తున్నాను. నా మనవి ముందే చెప్పేస్తాను. పాతబస్తీ కళాశాలల్లో చదివే పిల్లలకు వాళ్లు పుట్టి పెరిగిన వీధులనే పాఠ్యాంశంగా పెట్టండి. ఆ పాఠం నేర్చినవాళ్లకే, తగిన పారితోషికం ఇచ్చి, ఆ వీధులను చూపించే పని అప్పగించండి. వచ్చిన డబ్బులో వీధి వాటా ఎంతో కాగితం మీద రాసిపెట్టండి. ఈ మూడూ విడివిడిగా జరిగితే పెద్ద ప్రయోజనం ఉండదు. కలిసి జరిగితే పర్యాటకం వల్ల పాతబస్తీకి నిజంగా మేలు జరుగుతుంది.

నేను నగరంలోని డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం చరిత్ర చెప్పిన అధ్యాపకురాలిని. నా తరగతుల్లో గాజులకు రాళ్లు అద్దే తల్లుల పిల్లలు ఉండేవారు. సాయంత్రాలు అత్తరు దుకాణంలో కూర్చునే కుర్రాళ్లు, ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికలు అచ్చువేసే ఇళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు ఉండేవారు. కుతుబ్‌షాహీల వంశక్రమం కంఠతా పట్టి వాళ్లు మంచి మార్కులే తెచ్చుకున్నారు. తమ ఇంటి పనికి కూడా ఒక చరిత్ర ఉందని, దాన్ని రాసిపెట్టవలసినవాళ్లు తామేనని మా సిలబస్ మాత్రం వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, పాతబస్తీ మీద అందరి చూపూ పడిన కాలమిది. 2024 మార్చిలో ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా 5.5 కిలోమీటర్ల మెట్రో మార్గానికి శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, దక్కింది. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన యువతులు చార్మినార్ దగ్గర హెరిటేజ్ వాక్ చేశారు, లాడ్ బజార్‌లో గాజులు చూశారు, చౌమహల్లా ప్యాలెస్‌లో విందుకు వెళ్లారు. 2025-30 సంవత్సరాలకు రాష్ట్రం కొత్త పర్యాటక విధానం తెచ్చుకుంది. రేపు మెట్రో దిగి వచ్చే జనం ఇంకా పెరుగుతారు. జనంతో పాటు అద్దెలు పెరుగుతాయి, దుకాణాలు చేతులు మారతాయి. ఆ మార్పు మొదలయ్యాక వీధివాళ్ల గురించి ఆలోచిస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఆ హెరిటేజ్ వాక్ జరిగి వారం తిరక్కముందే, మే 18 ఆదివారం ఉదయం, చార్మినార్‌కు కూతవేటు దూరంలోని గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో మంటలు లేచాయి. కింద దుకాణాలు, పైన కాపురం. లోపలికి పోవడానికైనా బయటికి రావడానికైనా ఒకటే ఇరుకుదారి. చిన్నపిల్లలతో సహా 17 మంది చనిపోయారు. ఆ దుఃఖాన్ని ఇక్కడ తలుచుకోవడానికి ఒక్కటే కారణం. సందర్శకుడి కంటికి ఆనేది వీధి ముఖం మాత్రమే. దీపాలు పెట్టేదీ, రంగులు వేసేదీ ఆ ముఖానికే. దాని వెనక మెట్లు ఎంత వెడల్పున్నాయి, కరెంటు తీగలు ఏ స్థితిలో ఉన్నాయి, నిప్పంటుకుంటే పిల్లలు ఎటు దిగాలి అని ఏ పర్యాటక కరపత్రమూ అడగదు. ఆ ప్రశ్న అడగగలిగినవాళ్లు, జవాబు తెలిసినవాళ్లు అక్కడే ఉండే పిల్లలు.

ప్రపంచ పర్యాటక రంగంలో ఇప్పుడు రీజెనరేటివ్ టూరిజం అనే ఆలోచన బలపడుతోంది. వచ్చినవాడి వల్ల ఊరికి చెడు జరగకూడదని సుస్థిర పర్యాటకం కోరుతుంది. రీజెనరేటివ్ టూరిజం దానికి ఒక మెట్టు పైన ఉంది. వచ్చినవాడు వెళ్లిపోయాక ఊరు మునుపటికన్నా బాగుపడి ఉండాలంటుంది. అడవికో సముద్రతీరానికో ఈ సూత్రం చెప్పుకోవడం తేలిక. చెట్లు లెక్కపెట్టొచ్చు, నీళ్లు పరీక్షించొచ్చు. పాతబస్తీ లాంటి కిక్కిరిసిన చోట బాగుపడటం అంటే ఏమిటో ముందుగా తేల్చుకోవాలి. కార్ఖానాలోకి గాలీ వెలుతురూ రావాలి. పనివాళ్ల చేతికి వచ్చే కూలి పెరగాలి. ఆ పని నేర్చుకుంటామని ముందుకొచ్చే పిల్లలు ఉండాలి. ఇరుకు ఇళ్లకు రెండో దారి ఏర్పడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ ఉంటున్నవాళ్లు అక్కడే ఉండగలగాలి.

ఈ చివరి మాట ఎంత ముఖ్యమో తెలియాలంటే వెనిస్ వైపు చూడాలి. 1950ల మొదట్లో ఆ నగరపు చారిత్రక భాగంలో దాదాపు లక్షా 75 వేల మంది ఉండేవారు. 2022 నాటికి 50 వేలమంది కూడా మిగల్లేదు. పనుల కోసం, వీలైన ఇళ్ల కోసం కొందరు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు పర్యాటకుల తాకిడితో పెరిగిన ఇళ్ల ధరలు భరించరానివయ్యాయి. 2024లో వెనిస్ ఒక్కరోజు సందర్శకుల మీద రుసుము పెట్టింది. భవనాలన్నీ భద్రంగానే ఉన్నాయి. వాటిలో కాపురముండే జనమే కరువయ్యారు. చార్మినార్‌కు ఆ గతి పట్టకూడదు.

ఇక పాఠం సంగతికొస్తాను. లాడ్ బజార్‌లో అద్దాల వెనక మెరిసే లక్క గాజును ఒక్కసారి దగ్గరగా చూద్దాం. ముడి లక్కను బొగ్గుల సెగ మీద కాచి మెత్తబరుస్తారు. రంగు కలుపుతారు. సన్నని కడ్డీగా సాగదీసి, కొలతకు కోసి, కొసలు రెండూ కలిపి వంచుతారు. కొయ్యకు తొడిగి గుండ్రం సరిచూస్తారు. తర్వాత గాజును మళ్లీ సెగకు చూపి, లక్క మెత్తగా ఉన్న ఆ కాస్త సేపట్లోనే ఒక్కో రాయినీ మొనతో ఎత్తి అద్దుతారు. లక్క చల్లారితే రాయి పట్టదు. ఎక్కువ కాగితే గాజు ఆకారం పోతుంది. ఈ అద్దే పని చాలావరకు ఆడవాళ్లది. దుకాణంలో కాదు, వెనక సందుల్లో, ఇళ్లలో, లెక్కకింత అని కూలి కట్టుకుని చేస్తారు. గాజు కొనే సందర్శకురాలికి కనిపించేది దుకాణదారు మాత్రమే. ఆ రాళ్లు అద్దిన చేతులు ఆమెకు ఎన్నడూ ఎదురుపడవు.

ఇప్పుడు ఇదే గాజును ఒక డిగ్రీ తరగతి ముందు పెట్టండి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివేవాళ్లకు మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద బతికే లక్క పురుగు కథ దొరుకుతుంది. మన దేశంలో లక్క ఎక్కువగా పండేది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో. ఆదివాసీలు సేకరించిన లక్క పాతబస్తీ కుంపటి దాకా ఎలా చేరుతుందో కామర్స్ విద్యార్థులు దారి గీయాలి. సహజమైన జిగురు వేడికి ఎందుకు మెత్తబడుతుంది, చల్లారితే ఎందుకు బిగుస్తుంది అన్నది రసాయనశాస్త్రం. కిటికీ లేని గదిలో పొద్దస్తమానం బొగ్గుల ముందు కూర్చుంటే ఊపిరితిత్తులకు, కళ్లకు ఏమవుతుందన్నది ఆరోగ్యశాస్త్రం. జీఐ గుర్తింపు వచ్చాక ఇంట్లో రాళ్లు అద్దే ఆమెకు కూలి పెరిగిందా లేదా అన్నది అర్థశాస్త్రం. ఆమె మాటల్లో ఈ పని చరిత్రను దక్కనీ ఉర్దూలో రికార్డు చేసి, తెలుగులోకి, ఇంగ్లీషులోకి తేవడం భాషా విద్యార్థుల పని. ఇంత సరుకున్న పాఠ్యపుస్తకం కాలేజీ గేటు దాటితే దొరుకుతుంది.

పాతబస్తీలో ఇలాంటివి ఇంకెన్నో ఉన్నాయి. వెండిని కాగితం కన్నా పల్చగా సాగగొట్టే వరఖు పని, ఛత్తా బజార్ దస్తూరి, అత్తర్ల వ్యాపారం, పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన నాన్ తందూరు, లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాలు, మొహర్రం నాడు దబీర్‌పురా నుంచి కదిలే బీబీ కా ఆలం. బయటినుంచి వచ్చి చెప్పే గైడు నోట ఇవన్నీ నిజాం నగల కథలో కొట్టుకుపోతాయి. ఆషాఢంలో బోనం ఎత్తిన ఇంటి పిల్ల, మొహర్రంలో షర్బత్ పంచిన ఇంటి పిల్లవాడు పక్కపక్కన నిలబడి చెప్తే ఈ వీధుల అసలు చరిత్ర వినపడుతుంది.

దీనికి కొత్త చట్టాలు, కొత్త సంస్థలు అక్కర్లేదు. దారులు ఇప్పటికే ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజుల పాటు సంచి లేని బడి ఉండాలని, ఆ రోజుల్లో స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. మన ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో జిజ్ఞాస పేరుతో విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులు జరుగుతున్నాయి. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కనే సిటీ కాలేజీ ఉంది. చార్మినార్‌కు నడిచివెళ్లే దూరంలో హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కళాశాల ఉంది. విద్యార్థులున్నారు, పథకాలున్నాయి, వీధి ఉంది. వీటిని కలిపే ముడి ఒక్కటే లేదు.

ఆ ముడి ఎందుకు కావాలో అధ్యాపకురాలిగా నాకు తెలుసు. సమాజ సేవ అని పేరుపెట్టిన ప్రాజెక్టులు చాలాచోట్ల లాగ్‌బుక్ నింపడంతో ముగుస్తాయి. విద్యార్థి ప్రశ్నావళి పట్టుకుని ఒక వీధికి వెళ్తాడు. ఇరవై ఇళ్లు తిరుగుతాడు. నివేదిక బైండింగ్ చేయించి మార్కులు తెచ్చుకుంటాడు. ఆ నివేదిక కాలేజీ బీరువాలోకి పోతుంది. జవాబులు చెప్పిన ఇళ్లవాళ్లకు దాని ముఖం కూడా కనపడదు. తర్వాతి ఏడాది ఇంకో విద్యార్థి అదే ప్రశ్నలతో అదే తలుపు తడతాడు. ఆ ఇల్లాలు విసుక్కుంటే తప్పు ఆమెది కాదు. నేర్చుకున్నది తిరిగి వీధికి చేరినప్పుడే అది సమాజంతో కలిసి నేర్చుకోవడం అవుతుంది.

అందుకే నేను కోరుతున్న పద్ధతి ఇలా ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లో విద్యార్థులు వినాలి, రాయాలి. ఒక్కో జట్టుకు ఒక్కో సందు. అక్కడి పనులు, పండుగలు, పాత ఇళ్లు, బావులు, కనుమరుగైన వృత్తులు అన్నీ నమోదు చేయాలి. ఆ సందులోని పెద్దవాళ్లను అతిథి ఉపన్యాసకులుగా పిలిచి, కాలేజీకి వచ్చే ఏ ప్రొఫెసర్‌కైనా ఇచ్చే గౌరవ వేతనం వాళ్లకూ ఇవ్వాలి. చదువు రాని గాజుల పనిమంతురాలు తరగతిలో కుర్చీ వేసుకుని కూర్చుని పాఠం చెప్పాలి. తమ తల్లి పని ఆ గదిలో పాఠమైన రోజు ఆ పిల్లల నడకే మారిపోతుంది.

రెండో సెమిస్టర్‌లో ఆ సేకరణంతా వీధిలోనే, వీధివాళ్ల సమక్షంలో చదివి వినిపించాలి. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు. చెప్పొద్దన్నది తీసేయాలి. ఆ తర్వాతే నడక దారి గీయాలి. అదే సమయంలో విద్యార్థులు, అగ్నిమాపక శాఖ, విద్యుత్ సంస్థ సిబ్బందితో కలిసి, ఆ సందులోని మెట్లు, తీగలు, దారులు పరిశీలించి ఒక పటం తయారుచేయాలి. ఏ భవనానికి రెండో దారి లేదు, ఏ మీటర్ల గది ప్రమాదకరంగా ఉంది అని ఇంటింటి వివరం రావాలి. ఇది ఇంటివాళ్లకు నోటీసులు ఇవ్వడానికి కాదు, మరమ్మతుకు డబ్బు ఎక్కడ ముందు ఖర్చుపెట్టాలో తెలియడానికి. ఈ పటం మీ శాఖకూ, నగరపాలక సంస్థకూ ఏ కన్సల్టెంటూ ఇవ్వలేనంత ఉపయోగపడుతుంది.

మూడో మెట్టు గైడు పని. కేంద్ర పర్యాటక శాఖ ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ పేరుతో ఆన్‌లైన్‌లో శిక్షణ, ధ్రువపత్రం ఇస్తోంది. మంచిదే. కానీ ఏ సందులో ఏ వేళ వెళ్లకూడదు, ఏ ఇంటి ముందు ఫోటో తీయకూడదు అన్నవి ఆన్‌లైన్‌లో రావు. ఆ శిక్షణకు వీధి పాఠాన్ని జతచేసి, రెండూ పూర్తిచేసిన స్థానిక విద్యార్థులకు రాష్ట్రం గుర్తింపు కార్డు ఇవ్వాలి. ఆ వీధుల్లో రాష్ట్ర పర్యాటక సంస్థ నడిపే ప్రతి నడకలోనూ వాళ్లనే నియమించాలి. నడకకింత అని పారితోషికం నేరుగా వాళ్ల ఖాతాలో పడాలి. సేవాభావం అని పేరుపెట్టి పేదింటి పిల్లలతో ఉచితంగా పనిచేయించుకోవద్దు. అమ్మాయిలు నడిపే నడకలు పగటివేళ, జట్టుగా, కాలేజీ బాధ్యతలో జరగాలి. అలా అయితే ఇంట్లోవాళ్లు ధైర్యంగా పంపిస్తారు.

ఇదంతా జరిగే పనేనా అంటే, ఢిల్లీలోని నిజాముద్దీన్ బస్తీ జవాబు చెప్తుంది. 2007 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ ప్రభుత్వ సంస్థలతో కలిసి అక్కడ పనిచేసింది. పాత దిగుడు బావిని, కట్టడాలను బాగుచేయడంతో ఆగిపోలేదు. మునిసిపల్ బడిని మెరుగుపరిచింది, వైద్యం అందించింది. బస్తీ యువతకు శిక్షణ ఇస్తే సైర్-ఎ-నిజాముద్దీన్ పేరుతో వాళ్లే సందర్శకులను నడిపిస్తున్నారు. బస్తీ మహిళలు జైకా-ఎ-నిజాముద్దీన్ పేరుతో తమ ఇంటి వంటలనే జీవనోపాధి చేసుకున్నారు. 2021లో ఈ పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అత్యున్నతమైన అవార్డ్ ఆఫ్ ఎక్సలెన్స్ వచ్చింది. మన గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో బావులను బాగుచేసింది కూడా ఇదే ట్రస్టు. ఆ బావులకు 2022లో యునెస్కో గుర్తింపు దక్కింది. రాయిని, సున్నాన్ని నిలబెట్టే నేర్పు హైదరాబాద్‌కు చేరింది. మనుషులను నిలబెట్టే నేర్పు కూడా చేరాలి.

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావిని చూడండి. దశాబ్దాల చెత్తతో పూడిపోయిన ఆ బావిని ప్రభుత్వం, ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్, స్థానికులు కలిసి తవ్వి బాగుచేశారు. 2022 డిసెంబరు 5న దాన్ని ప్రారంభించారు. పూడిక తీశాక అడుగున మళ్లీ నీరు ఊరింది. ఇప్పుడు జనం చూడటానికి వస్తున్నారు. ఆ బస్తీ బడిపిల్లలు నెలనెలా బావి నీటిమట్టం కొలిచి గోడ మీద రాస్తే, వానకూ భూగర్భ జలానికీ సంబంధం వాళ్లకు పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. వచ్చినవాళ్లకు ఆ లెక్క చెప్పేదీ ఆ పిల్లలే కావాలి. నీళ్లు తిరిగొచ్చిన బావి దగ్గర ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

డబ్బు సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. చార్మినార్ టికెట్ డబ్బు కేంద్ర పురావస్తు శాఖకు పోతుంది. అది మీ చేతిలో లేదు. నడకల రుసుము, రాష్ట్ర సంస్థల ప్యాకేజీలు, ఉత్సవాల స్టాళ్ల అద్దె మీ చేతిలో ఉన్నాయి. వాటిలో కొంత భాగం వీధి నిధికి పోవాలని ఉత్తర్వు ఇవ్వండి. ఎంత భాగమన్నది కూర్చుని తేల్చుకోవచ్చు. ఆ నిధి ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించే సంఘంలో గాజుల పనివాళ్లు, తోపుడుబండ్లవాళ్లు, దుకాణదారులు, ఆ సందుల్లో కాపురముండే మహిళలు, విద్యార్థులు ఉండాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం టౌన్ వెండింగ్ కమిటీల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, వాళ్లలో మూడోవంతు మహిళలు కావాలని చెప్తోంది. చట్టం ఒప్పుకున్న సూత్రాన్నే పర్యాటకానికీ వర్తింపజేయమంటున్నాను. నిధి లెక్క మూడు నెలలకోసారి ఉర్దూ, తెలుగు, హిందీ భాషల్లో వీధి మొగదలలో అతికించాలి.

కొన్ని హద్దులు మొదటే గీసుకోవాలి. పేదరికం చూపించి డబ్బు చేసుకునే పర్యాటకం వద్దు. కార్ఖానాలోకి సందర్శకులను తీసుకెళ్లాలంటే అక్కడివాళ్లు పిలవాలి. వెళ్లినంతసేపు పని ఆగితే ఆ కూలి ఇవ్వాలి. జట్టుకు పది పన్నెండు మందికి మించితే ఆ సందుల్లో నడవనే లేరు. శుక్రవారం నమాజు వేళల్లో, చావు జరిగిన ఇంటి ముందు, ఆడపిల్లలు పని చేసుకునే గదుల దగ్గర కెమెరాలు తీయకూడదు. విద్యార్థులు సేకరించిన మాటలు, చిత్రాల మీద హక్కు చెప్పినవాళ్లది. వాళ్ల అనుమతి లేకుండా ఏ సంస్థా వాటిని వాడుకోకూడదు. ఈ నియమాలు విద్యార్థులు, వీధివాళ్లు కలిసి రాసుకోవాలి. మీ శాఖ వాటికి ముద్ర వేయాలి.

ఈ ప్రతిపాదనకు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. పర్యాటకులు వస్తే వ్యాపారం పెరుగుతుంది, అది చాలదా అని అధికారులు అడుగుతారు. వ్యాపారం పెరిగితే దుకాణం యజమానికి లాభం, భవనం యజమానికి అద్దె పెరుగుతాయి. రాళ్లు అద్దే ఆమెకు దానంతటదే ఏదీ పెరగదు, ఎవరైనా అడిగితే తప్ప. పిల్లలొచ్చి ప్రశ్నలడిగితే బేరం చెడుతుందని దుకాణదారులు జంకొచ్చు. గాజు వెనక కథ తెలిసిన కొనుగోలుదారు బేరం తక్కువ ఆడతాడని, యంత్రం మీద చేసిన నకిలీకీ చేతిపనికీ తేడా గుర్తుపడతాడని అనుభవంలో వాళ్లకే తెలుస్తుంది. అధ్యాపకులకు ఇప్పటికే పని ఎక్కువైందని నా తోటివాళ్లు అంటారు. వాళ్ల మాట నిజం. అందుకే ఈ కోర్సును అదనపు భారంగా కాక, వర్క్‌లోడ్‌లో లెక్కించే బోధనా గంటలుగా గుర్తించాలి. ఆ విషయంలో మీరు విద్యాశాఖతో, ఉన్నత విద్యా మండలితో కలిసి కూర్చోవాలి. ఒక శాఖ దగ్గర విద్యార్థులున్నారు, ఇంకో శాఖ దగ్గర సందర్శకులున్నారు. ఇద్దరూ నడిచేది ఒకే వీధిలో.

చివరగా, విజయాన్ని కొలిచే కొలబద్ద మార్చండి. ఎంతమంది వచ్చారన్న అంకె ఒక్కటే ఏటా పత్రికల్లో వస్తుంది. దాని పక్కన ఇంకో నాలుగు లెక్కలు రావాలి. లాడ్ బజార్ వెనక సందుల్లో ఎన్ని కార్ఖానాలు నడుస్తున్నాయి? గాజుల పనిలో కూలి ఎంత? పాత కిరాయిదారుల్లో ఎందరు అక్కడే ఉన్నారు? ఎన్ని భవనాలకు రెండో దారి ఏర్పడింది? ఈ లెక్కలు ఏటా విద్యార్థులే తీయాలి, మీరు శాసనసభ ముందు పెట్టాలి. సందర్శకులు రెట్టింపై ఈ నాలుగూ దిగజారితే ఆ పర్యాటకం పాతబస్తీని తినేసినట్టే. సందర్శకులు కొద్దిగానే పెరిగి ఈ నాలుగూ మెరుగైతే అది నిలిచే గెలుపు.

మంత్రిగారూ, ఏ నగరానికైనా తన చరిత్ర చెప్పుకునే హక్కు ముందు తన బిడ్డలకు ఉండాలి. 1591లో చార్మినార్ కట్టినప్పటి నుంచి ఈ వీధులను నిలబెట్టింది ఇక్కడ పనిచేసి బతికినవాళ్లే. వాళ్ల పిల్లలు ఈరోజు మన కళాశాలల్లో ఉన్నారు. ఉద్యోగం కోసం నగరం అవతలి కొసకు పరిగెత్తుతున్నారు. వాళ్ల పక్క వీధిలోనే చదువు, పని, గౌరవం మూడూ ఒకేచోట దొరికే అవకాశం ఉంది.

పెద్ద పథకం ప్రకటించమని అడగడం లేదు. వచ్చే విద్యాసంవత్సరానికి ఒక్క వీధిని, రెండు కళాశాలలను ఎంచుకోండి. లాడ్ బజార్‌తో మొదలుపెట్టండి. మీ శాఖ నుంచి, విద్యాశాఖ నుంచి, నగరపాలక సంస్థ నుంచి ఒక్కొక్క బాధ్యుడిని పేరుపెట్టి నియమించండి. మొదటి సమావేశం సచివాలయంలో కాకుండా ఆ వీధిలోనే పెట్టండి. గాజుల పనివాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి, వాళ్లు చెప్పేది విన్న తర్వాతే ఉత్తర్వు రాయండి. ఏడాది తర్వాత ఆ పిల్లలు తయారుచేసిన నివేదికను అదే వీధిలో, అదే మనుషుల ముందు విడుదల చేయండి. ఆ పనికి నాలాంటి అధ్యాపకులు ఎంతోమంది మీ వెంట నడవడానికి సిద్ధంగా ఉన్నాం. మీ పిలుపు కోసం ఎదురుచూస్తాం.

ఇట్లు,
హైదరాబాద్‌లో చరిత్ర పాఠాలు చెప్పిన ఒక అధ్యాపకురాలు